తేనెపట్టు మూతలు తీసే పనిముట్లు: ఎంపిక

తేనెను గురించి వ్రాయబూనినవారు సాధారణంగా దాని రుచితోనో, ఔషధ గుణాలతోనో ఆరంభిస్తారు. దివ్య ఖురాన్‌లో 16వ సూరాకు ‘అన్ నహ్ల్’, అనగా తేనెటీగ, అని పేరుండటం మన విద్యార్థుల్లో పెక్కుమందికి తెలిసినదే. అయితే పట్టునుంచి సీసాలోకి చేరే మార్గంలో తేనెకు ఒక కత్తి ఎదురవుతుంది. ఆ కత్తి ఎంపికను గురించి వ్రాసేవారు అరుదు. పది పెట్టెలతో స్వయం ఉపాధి ఆరంభించే యువకునికి మాత్రం ఇది లాభనష్టాలకు సంబంధించిన విషయం. అందుచేత ఈ వ్యాసంలో మేము ఆ ఒక్క అంశాన్నే గ్రహిస్తున్నాము.

ఈగలు పూల మకరందాన్ని అరల్లో నింపి, రెక్కలతో విసురుతూ అందులోని నీటిని ఆవిరి చేస్తాయి. తేమ ఇంచుమించు నూటికి 20 పాళ్ళకు లోపు దిగిన తరువాత ఒక్కొక్క అరపై పలుచని మైనపు మూత వేస్తాయి. మూత పడినదే పండిన తేనె. పచ్చి తేనె నిలువ ఉంచితే పులుస్తుంది. చట్రంలో కనీసం ముప్పాతిక భాగం మూతపడితేనే దానిని పెట్టెనుంచి తీయటం యుక్తం.

పూర్వం పట్టును కోసి, పిండి తేనె తీసేవారు. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1851లో కదిలే చట్రాల పెట్టెకు రూపకల్పన చేశాడు. 1865లో హ్రుష్కా గిరగిర తిప్పి తేనె తీసే యంత్రాన్ని వెలుగులోకి తెచ్చాడు. దానితో పట్టు చెడకుండా తేనె తీసి, ఖాళీ పట్టును మళ్ళీ ఈగలకే ఇవ్వటం సాధ్యమయింది. దీని విలువ సామాన్యమైనది కాదు. ఒక కిలో మైనం తయారు చేయటానికి ఈగలు సుమారు 6 నుంచి 8 కిలోల తేనె తినవలసి ఉంటుందని అంచనా. పట్టు విరిగిందంటే, రాబోయే పూలకాలంలో మనకు దక్కవలసిన తేనె మైనానికి ఖర్చయిపోయిందన్నమాట. మూతను మాత్రమే తీసి, అర గోడలను నిలిపే పనిముట్టే మంచిదని మా అభిప్రాయం. ధర, మెరుపు తరువాతి మాటలు.

కత్తి పొడవును నిర్ణయించేది చట్రం లోతు. కత్తి అలుగు చట్రపు పై కమ్మీపైనా, కింది కమ్మీపైనా ఏకకాలంలో ఆనుకొని సాగితే కోత సమానంగా వస్తుంది, మొన పట్టులోకి దిగదు. లాంగ్‌స్ట్రాత్ పెద్ద చట్రం లోతు 9 అంగుళాలకు పైచిలుకు. దానికి 10 అంగుళాలకు తగ్గని అలుగు కావాలి. దక్షిణ భారతంలో పుట్టతేనెటీగకు వాడే న్యూటన్ పెట్టెలో, తేనె నిలువచేసే పై అంతస్తు చట్రం లోతు దాదాపు రెండున్నర అంగుళాలే. దానికి 6 అంగుళాల సన్నని కత్తి చాలు. పెద్ద చట్రాలకు తయారుచేసిన విదేశీ కత్తిని చిన్న చట్రంపై ప్రయోగించటం కొబ్బరి కత్తితో నిమ్మకాయ కోయటం వంటిది.

అలుగు తుప్పుపట్టని ఉక్కుతో చేసినదై ఉండాలి. తేనె ఆమ్లగుణం కలది. మామూలు ఇనుమును, ఇత్తడిని తింటుంది. వంటింట్లో ఉల్లిపాయలు తరిగిన కత్తి ఎంత పదునైనదైనా పనికిరాదు, తేనె వాసనను ఇట్టే పట్టుకుంటుంది. నునుపు అంచు కత్తిని వేడి నీటిలో ముంచి, పొడిగుడ్డతో తుడిచి వాడాలి. తుడవటం మరువరాదు, నీటి బొట్లు తేనెలో తేమను పెంచుతాయి. ఒకటి నీటిలో ఉండగా మరొకటి చేతిలో ఉండేలా రెండు కత్తులు ఉంటే పని ఆగదు. రొట్టె కోసే రంపపు పళ్ళ కత్తికి వేడి అక్కరలేదు. తేలికగా ముందుకూ వెనుకకూ ఆడిస్తే చాలు.

చట్రాన్ని పళ్ళెంపై నిలువుగా నిలిపి, కోసే వైపును కొద్దిగా ముందుకు వంచాలి. అప్పుడు తెగిన మైనపు పొర పట్టుకు అంటుకోక పళ్ళెంలో పడుతుంది. పది చట్రాల పెట్టెలో, పట్టు కట్టటం పూర్తయిన తరువాత తొమ్మిదే సమదూరంలో అమర్చితే ఈగలు అరలను పొడిగించి పట్టును కమ్మీలకన్న ముందుకు తెస్తాయి. ఈ చిన్న ఉపాయంతో కత్తి పని సగం సులువవుతుంది.

పట్టులో గుంటలు పడినచోట కత్తి అందదు. అక్కడ సన్నని ఉక్కు ముళ్ళుగల ఫోర్కు అవసరం. ముళ్ళను మూత కిందికి పోనిచ్చి పైకెత్తాలి. గీరితే మైనం తునకలై తేనెలో కలిసి, జల్లెడకు అడ్డుపడుతుంది.

ఇక విద్యుత్ కత్తి. వందల చట్రాలు కోసేవారికి ఇది వరమే. కాని ఉష్ణనియంత్రణ లేనిదైతే, అలుగుకు అంటిన తేనె మాడి తక్కినదానికి ఆ రంగు, వాసన అంటిస్తుంది. కరెంటు నిలకడ లేనిచోట మామూలు కత్తి ఎలాగూ పక్కన ఉంచుకోవలసిందే. ముళ్ళ రోలర్ చవక, వేగం కూడా ఎక్కువ. అయితే అది మూతలకు చిల్లులు పెట్టి వదులుతుంది. తేనె చిక్కగా ఉంటే పూర్తిగా బయటికి రాదు, మైనమూ చేతికందదు. వేడిగాలి గన్ తెల్లని కొత్త పట్టుపై, మూతకూ తేనెకూ మధ్య గాలి ఉన్నచోట బాగా పనిచేస్తుంది. తేనెకు అంటుకొని ఉన్న తడి మూతలు దానికి లొంగవు. పట్టుబట్టి వేడి చేస్తే అర గోడలు కరుగుతాయి, తేనె నాణ్యమూ తగ్గుతుంది.

పది, పదిహేను పెట్టెల వరకు రెండు చేతి కత్తులు, ఒక ఫోర్కు సరిపోతాయి. మిగిలిన సొమ్మును యంత్రం మీదనో, మరొక పెట్టె మీదనో పెట్టటం మంచిది.

కోసిన మూతలను పారవేయరాదు. రాత్రంతా జల్లెడలో ఉంచితే అంటి ఉన్న తేనె కారుతుంది. మిగిలేది పట్టులోని మైనమంతటిలో శ్రేష్ఠమైనది. దీనిని అచ్చు పలకలుగా చేయించి చట్రాల్లో బిగించవచ్చు. పనిముట్లను మొదట చన్నీటితో కడిగి తేనె వదిలించి, ఆపై మైనాన్ని గోకివేయాలి. ముందే మరిగే నీరు పోస్తే మైనం కరిగి కత్తికీ, పళ్ళేనికీ, నీరు పోయే గొట్టానికీ పూత పట్టినట్లు అంటుకుంటుంది.