పెన్ను బ్లాకులు ఎక్కడికి పోయాయి?

నిన్నటిదాకా స్క్రాచ్‌లో చకచకా ఆటలు కట్టిన పదేళ్ల పిల్ల ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని, “అమ్మా, ఇందులో ఏమీ లేవు, అన్నీ తీసేశారు” అని మొహం ముడుచుకుంటే, ముందు ఆ మాట నమ్మండి. బద్ధకంతో చెప్పే సాకు అనుకోకండి. బాగా అలవాటైన తెర మీద ఏది ఎక్కడుందో వెతకాల్సిన పని ఉండదు, చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తుంది. ఆ తెర సర్దుబాటు మారిపోతే చెయ్యి వెళ్లిన చోట వస్తువు ఉండదు. తనకు వచ్చినదంతా పోయిందని పిల్లకు అనిపిస్తుంది. ఆ దిగులు చాలా నిజమైనది, దాన్ని తీర్చడం పెద్ద కష్టమూ కాదు.

పిల్లలు రంగుల బ్లాకులు ఒకదానికొకటి తగిలించి ప్రోగ్రాములు కట్టే స్క్రాచ్‌ను అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారు చేసింది. 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో పిల్లి బొమ్మ ఆడే స్టేజి తెరకు కుడివైపు ఉండేది. 2013 మేలో రెండో వెర్షన్ వచ్చినప్పుడు స్టేజి ఎడమకు వెళ్లింది. 2019 జనవరి 2న మూడోది వచ్చింది, స్టేజి మళ్లీ కుడికి వచ్చేసింది. ఇప్పుడు వెబ్‌సైటు తెరిస్తే కనిపించేది ఈ మూడో వెర్షన్ అమరికే. కానీ ఇంటర్నెట్ సరిగా అందని స్కూలు ల్యాబుల్లో ఎప్పుడో ఎక్కించిన పాత వెర్షన్ అలాగే ఉండిపోవడం మామూలే. స్కూల్లో ఒకటి, ఇంట్లో ఒకటి చూసే పిల్లలకు 2019 నాటి మార్పు ఇవాళ ఉదయం జరిగినట్టే ఉంటుంది.

ఎందుకు మార్చారో పిల్లలకు చెప్పండి. చాలామంది పెద్దలు ఈ మాట వదిలేసి, నేరుగా “ఏం కాదు, అలవాటైపోతుందిలే” అంటారు. రెండో వెర్షన్, బ్రౌజర్‌లో ఆటలూ బొమ్మలూ నడిపించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. ఫ్లాష్‌ను 2020 చివరితో ఆపేస్తామని అడోబీ కంపెనీ 2017లోనే ప్రకటించింది. అది ఆగితే బ్రౌజర్‌లో స్క్రాచ్ కూడా ఆగిపోయేది. అందుకని జావాస్క్రిప్ట్‌లో కొత్తగా రాశారు. గూగుల్ వాళ్ల బ్లాక్‌లీ ఆధారంగా బ్లాకులను మళ్లీ కట్టారు. ట్యాబ్ మీద వేలితో లాగడానికి వీలుగా వాటిని పెద్దవి చేశారు. ఇంత కథా పదేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది. ఎవరో ఊరికే తన ఆట పాడుచేశారనుకునే పిల్ల ఆ తెర ముందు ఒక రకంగా కూర్చుంటుంది. ఆగిపోబోయే దాన్ని నిలబెట్టడానికే మార్చారని తెలిసిన పిల్ల మరోలా కూర్చుంటుంది.

మీలో చాలామందికి ఎంఎస్ ఆఫీస్ 2007 గుర్తుండే ఉంటుంది. ఫైల్, ఎడిట్, వ్యూ అని వరుసగా ఉండే మెనూలు పోయి పైన రిబ్బన్ వచ్చింది. ఏళ్ల తరబడి వర్డ్‌లో పనిచేసినవాళ్లు కూడా ప్రింట్ ఎక్కడ ఇవ్వాలో తెలియక పక్క సీటువాళ్లను అడిగారు. అప్పుడు ఎవరైనా మీ చేతిలో మౌసు లాక్కుని, టకటకా నొక్కేసి “ఇదిగో, అయిపోయింది” అని వెళ్లిపోతే ఆ పూటకు పని జరిగేది, మర్నాడు మళ్లీ అడగాల్సి వచ్చేది. మీ పిల్ల విషయంలోనూ అంతే. మౌసు తన చేతిలోనే ఉండనివ్వండి. మీకు జవాబు ముందే కనబడినా సరే, కాసేపు ఓర్చుకోండి. ఈ మొత్తం సలహాలో తల్లిదండ్రులకు కష్టమైనది ఇదొక్కటే. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన సాయంత్రం అయితే మరీ కష్టం. అలాంటి రోజున “రేపు చూద్దాం నాన్నా” అని చెప్పడమే మేలు.

ఓర్చుకుని ఏం చేయాలంటే, అడగాలి. “ఆ బ్లాకు ఎక్కడుంది?” అని కాదు, “నువ్వు ఏం చేయాలనుకుంటున్నావు?” అని. పిల్ల తెలుగులో చెబుతుంది: “పిల్లి నడుస్తూనే ఉండాలి. అంచుకు తగిలితే వెనక్కి తిరగాలి. ఎలుకను ముట్టుకుంటే మార్కు రావాలి.” ఆ మూడు వాక్యాల్లో ప్రోగ్రామింగ్ అంతా ఉంది. ఆగకుండా తిరిగే లూపు, షరతు, లెక్క దాచుకునే వేరియబుల్. ఏ వెర్షన్‌లోనైనా ఇవే. స్టేజి కొలత కూడా మారలేదు. వెడల్పు 480, ఎత్తు 360, మధ్యలో సున్నా. తనకు వచ్చినది ఏదీ పోలేదని మీరు చెప్పేకన్నా, తన నోటితో తానే చెప్పుకున్నప్పుడు పిల్లకు ధైర్యం వస్తుంది. ఆ తర్వాత మిగిలేది బ్లాకును వెతకడమే.

ఆ వెతుకులాటలో ఎక్కువ ఏడిపించేవి పెన్ను బ్లాకులు. పాత వెర్షన్లలో పెన్ మిగతా విభాగాల మధ్యనే ఉండేది. కొత్తదాంట్లో ఎంత కిందికి జరిపినా కనబడదు. దాన్నీ, డప్పులూ స్వరాలూ వాయించే మ్యూజిక్ బ్లాకులనూ, కెమెరాతో పనిచేసే వీడియో బ్లాకులనూ ఎక్స్‌టెన్షన్లుగా వేరు చేశారు. తెరకు ఎడమవైపు అడుగున, కూడిక గుర్తు ఉన్న బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే బొమ్మలతో ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో పెన్ ఎంచుకుంటే విభాగాల వరుసలో చివరికి వచ్చి చేరుతుంది. చేరాక కూడా చిన్న తికమక ఉంది. పాత “క్లియర్” బ్లాకు పేరు ఇప్పుడు “ఎరేజ్ ఆల్”. ఇలాంటివి ఇంకో రెండున్నాయి. వేరియబుల్స్ దొరికే “డేటా” విభాగం “వేరియబుల్స్” అయింది, “మోర్ బ్లాక్స్” కాస్తా “మై బ్లాక్స్” అయింది. ఈ బటన్ సంగతి మీరు ముందే చెప్పేయకండి. “తెర నాలుగు మూలలా చూశావా?” అన్న ఒక్క మాట చాలు. దొరికిన క్షణంలో పిల్ల మొహం మీరు చూడాలి.

పెన్ దొరికాక పిల్ల చేత ఒక చతురస్రం గీయించండి. పెన్ కిందికి దించడం, నాలుగుసార్లు తిరిగే లూపు, అందులో 100 అడుగులు నడక, 90 డిగ్రీల మలుపు. అంతే. ఇదే ప్రోగ్రాం స్క్రాచ్ మొదటి వెర్షన్‌లోనూ పనిచేసేది. ఇంకా వెనక్కి వెళ్తే, 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోయర్‌జైగ్ పిల్లల కోసం తయారుచేసిన లోగో భాషలో తాబేలు గీసిన గీత కూడా ఇదే. రెస్నిక్ ఆ పాపర్ట్‌తో కలిసి పనిచేసినవాడే. తెరలు ఎన్నిసార్లు మారినా ఈ నాలుగు మలుపులు తాతల కాలం నుంచీ అలాగే ఉన్నాయని పిల్లకు చెప్పండి. ఇలాంటి కథలు పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. నాలుగు పని చేశాక 36 సార్లు, ప్రతిసారీ పది అడుగులు, పది డిగ్రీలు పెట్టి చూడమనండి. ఏం వస్తుందో చెప్పకండి.

బొమ్మ గీసే చోట ఇంకో చిక్కు ఉంది. రెండో వెర్షన్‌లో కొత్త కాస్ట్యూమ్, అంటే బొమ్మకు కొత్త రూపం, గీయడం మొదలుపెడితే మామూలుగా బిట్‌మ్యాప్ తెరుచుకునేది, అంటే కాగితం మీద రంగు పూసినట్టు. మూడోదాంట్లో వెక్టర్ తెరుచుకుంటుంది. ఇందులో ప్రతి గీతా విడిగా పట్టుకుని జరపగల వస్తువు. అందుకే చేత్తో గీసిన గడిలో రంగు నింపబోతే కొన్నిసార్లు నిండదు. పిల్లకు ఒళ్లు మండుతుంది. కింద బిట్‌మ్యాప్‌కు మార్చుకునే బటన్ ఉంది. అలాగే బొమ్మను రెండోది చేయడానికీ, తీసేయడానికీ, పెద్దచిన్న చేయడానికీ పైన ఉండే ముద్ర, కత్తెర, బాణాల గుర్తులు పోయాయి. ఇప్పుడు బొమ్మ మీద కుడి క్లిక్ చేయాలి, ట్యాబ్ అయితే వేలు నొక్కి ఉంచాలి. పరిమాణం మాత్రం స్టేజి కింద అంకెగా కనిపిస్తుంది. నాకు ఇది బాగా నచ్చిన మార్పు. బొమ్మ ఎక్కడుంది, ఎటు తిరిగింది, ఎంత పెద్దది అన్నవన్నీ ఎదురుగా అంకెల్లో కదులుతుంటే, ఎక్స్, వై అక్షాలు ఎవరూ పాఠం చెప్పకుండానే పిల్లకు అర్థమవుతాయి.

స్కూలు సంగతి వేరే చూడాలి. 2020 జాతీయ విద్యా విధానం మిడిల్ స్కూలు దశలో కోడింగ్ ఉండాలంది, కాబట్టి ఇది మార్కుల వ్యవహారం కూడా కావచ్చు. పుస్తకంలో పాత తెర అచ్చయి ఉండి, స్టేజి ఏ వైపు ఉంటుందని పరీక్షలో అడిగితే పిల్ల ఇంట్లో చూసినది రాసి మార్కు పోగొట్టుకుంటుంది. మీ పుస్తకంలో ఉన్నది ఏ వెర్షనో చూసి, దాని ప్రకారమే రాయమని చెప్పండి. రెండూ నిజమే, రెండు కాలాల నిజం అని కూడా చెప్పండి.

ఫైళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పాత ఫైళ్లను కొత్త వెర్షన్ తెరుస్తుంది, పెన్ వాడిన ప్రాజెక్టు అయితే ఆ ఎక్స్‌టెన్షన్‌ను తనే తెచ్చిపెడుతుంది. కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలును మాత్రం పాతది తెరవలేదు. ఫైలు పేరు చివర ఎస్‌బీ2 ఉంటే రెండో వెర్షన్‌ది, ఎస్‌బీ3 ఉంటే మూడోది. ఇంట్లో వారం రోజులు కష్టపడి చేసిన ఆటను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, సైన్స్ ఫెయిర్ పొద్దున ల్యాబ్‌లో తెరవబోతే రాకపోతే పిల్ల గుండె జారిపోతుంది. ప్రాజెక్టు మొదలుపెట్టకముందే “మేడం, ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉంది?” అని ఒక్క ఫోను చేయండి. పాతదే ఉంటే ఇంట్లోనూ అదే ఎక్కించుకోండి. పాత ఫైలును కొత్తదాంట్లో తెరిచి మార్చేటప్పుడు అసలు కాపీని పక్కన ఉంచి, మార్చినదానికి వేరే పేరు పెట్టమనండి.

కొన్నాళ్లయ్యాక కూడా పిల్ల “పాతదే బాగుంది” అంటే వాదించకండి. ఎందుకు బాగుందో అడగండి. కారణం చెప్పగలిగితే అది మంకుపట్టు కాదు, వస్తువును పరిశీలించే చూపు. ఒక కాగితం ఇచ్చి, నువ్వే తయారుచేస్తే ఏది ఎక్కడ పెడతావో గీయమనండి. ఈ తెరలు గీసినవాళ్లు చేసే పని కూడా అదే.

ఆ ఫిర్యాదుల్లో రంగుల గురించినది ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. రెండో వెర్షన్‌లో ఈవెంట్స్ బ్లాకులు గోధుమ రంగులో ఉండేవి, మూడోదాంట్లో పసుపు అయ్యాయి. పక్కనే కంట్రోల్ బ్లాకులు నారింజకు దగ్గరి పసుపు. రెండూ కలిసిపోతున్నాయని పిల్ల అంటే నిజమే అంటోంది. ఇప్పుడు పైన సెట్టింగ్స్‌లో కలర్ మోడ్ అని ఒకటుంది. అందులో హై కాంట్రాస్ట్ పెడితే బ్లాకుల రంగులు తేలికై, వాటి మీద అక్షరాలు నల్లగా కనిపిస్తాయి. రెండు రకాలుగానూ పెట్టి, ఏది చదవడానికి హాయిగా ఉందో పిల్లనే తేల్చుకోమనండి. అప్పటికీ తెరకు మొహం ఆనించి, కళ్లు చిట్లించి చదువుతుంటే మాత్రం ఇక స్క్రాచ్‌ను తప్పుపట్టకుండా, కళ్ల డాక్టరుకు ఒకసారి చూపించండి.