నీటితో చల్లబడే కంప్యూటర్: ముందు క్యాబినెట్, తర్వాత పంప్



తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పిల్లలు ఇంట్లో పెట్టే కోరికల్లో ఈ మధ్య ఒకటి కొత్తగా చేరింది. "డాడీ, ల్యాప్‌టాప్ వద్దు, పీసీ బిల్డ్ చేయించుకుందాం, లిక్విడ్ కూలింగ్‌తో." వీడియోల్లో చూస్తే అద్దాల పెట్టె, లోపల రంగుల లైట్లు, మెలికలు తిరిగిన ట్యూబులు. షాపులో ఎస్టిమేట్ వేయిస్తే మాత్రం లక్ష దాటుతుంది. వద్దంటే అలుగుతారు, సరేనంటే దేనికి డబ్బు కడుతున్నామో మనకు అర్థం కాదు.

నిజానికి ఇది హైస్కూల్ ఫిజిక్స్‌తోనే తేల్చుకోగల విషయం. మీరు తెలుగు మీడియంలో చదివి ఉంటే 'విశిష్టోష్ణం' గుర్తుండే ఉంటుంది. మీ పిల్లలు దాన్నే 'స్పెసిఫిక్ హీట్' అని చదువుతున్నారు. ఈ నెల ఆ పాఠాన్ని ఇద్దరూ కలిసి ఈ కంప్యూటర్ మీద ప్రయోగించి చూడండి.

పాల గ్లాసు చెప్పే పాఠం

పాలు వేడిగా ఉంటే గ్లాసును చన్నీళ్ల గిన్నెలో పెడతాం. బయట గాలిలో ఉంచిన దానికన్నా తొందరగా చల్లారతాయి. కారణం, గాలి కన్నా నీరు వేడిని బాగా లాక్కుంటుంది. కానీ కాసేపటికి గిన్నెలో నీళ్లు కూడా గోరువెచ్చనవుతాయి. ఇక ఆ నీళ్లను మార్చాలి, లేదంటే వాటి వేడిని ఇంకెక్కడికైనా పంపాలి.

వాటర్ కూలింగ్ మొత్తం ఇంతే. కంప్యూటర్‌లో ప్రాసెసర్ చిప్ వేడి పాల గ్లాసు. దాని మీద బిగించిన రాగి బ్లాక్‌లోంచి నీరు ప్రవహిస్తూ వేడిని తీసుకుంటుంది. పంప్ ఆ నీటిని ట్యూబు ద్వారా రేడియేటర్‌కు పంపుతుంది. రేడియేటర్ మీది ఫ్యాన్లు ఆ వేడిని గాలిలోకి తోసేస్తాయి. చల్లబడిన నీరు మళ్లీ బ్లాక్‌కు వస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నీరు వేడిని మోసుకెళ్లే కూలీ మాత్రమే. చివరికి ఆ వేడి చేరాల్సింది మీ గదిలో గాలిలోకే.

పిల్లలు ఒక ప్రశ్న వేయవచ్చు: "మన ఇంటి కూలర్‌లో కూడా పంప్, నీళ్లే కదా, అది చల్లగాలి ఇస్తుందిగా?" మంచి ప్రశ్న. ఇంటి కూలర్‌లో నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది, అందుకే గాలి చల్లబడుతుంది. కంప్యూటర్‌లో నీరు మూసిన ట్యూబుల్లోనే తిరుగుతుంది, ఆవిరి అవదు. కాబట్టి అది గది ఉష్ణోగ్రత కన్నా కిందికి దిగలేదు. మే నెలలో గది 36 డిగ్రీలుంటే లోపలి నీరు అంతకన్నా వెచ్చగానే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం

ఒక ప్రాసెసర్ బాగా పని చేస్తున్నప్పుడు 200 వాట్ల వేడి ఇస్తోందనుకుందాం. అంటే సెకనుకు 200 జౌల్స్. ఒక గ్రాము నీటిని 1 డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.18 జౌల్స్ కావాలి.

పంప్ నిమిషానికి 1 లీటరు నీటిని తిప్పితే, సెకనుకు సుమారు 16.7 గ్రాములు. 16.7ను 4.18తో గుణిస్తే దాదాపు 70. అంటే ప్రతి 70 వాట్లకు నీరు 1 డిగ్రీ వేడెక్కుతుంది. 200 వాట్లకు 2.9 డిగ్రీలు.

ఇప్పుడు పంప్ వేగం పెంచి 2 లీటర్లు తిప్పితే? 1.4 డిగ్రీలు. అంటే ప్రవాహాన్ని రెట్టింపు చేసినా మనకు మిగిలింది డిగ్రీన్నరే. బ్లాక్ లోపల ఇంకొంచెం లాభం ఉంటుంది, కానీ అదీ పెద్దది కాదు.

అదే లెక్క గాలికి వేద్దాం. ఒక లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. ఒక గ్రాము గాలిని 1 డిగ్రీ పెంచడానికి సుమారు 1 జౌల్ చాలు. రేడియేటర్ గుండా సెకనుకు 20 లీటర్ల గాలి వెళ్తే 24 గ్రాములు. 200ను 24తో భాగిస్తే 8.3. బయటికి వచ్చే గాలి 8 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. గాలి దారి మూసుకుపోయి అందులో సగమే వెళ్తే? 16 డిగ్రీలు దాటుతుంది.

రెండు జవాబులూ పక్కపక్కన పెట్టండి. నీటి ప్రవాహం సగానికి పడిపోతే నీటి వేడి అదనంగా పెరిగేది 3 డిగ్రీలు. గాలి సగానికి పడిపోతే గాలి వేడి అదనంగా పెరిగేది 8 డిగ్రీలు. అందుకే ఖరీదైన పంప్ కన్నా గాలి బాగా ఆడే క్యాబినెట్ మీద పెట్టిన డబ్బు ఎక్కువ పని చేస్తుంది.

క్యాబినెట్ ఎలా ఎంచుకోవాలి?

ఇంటర్నెట్‌లో 'కేస్' అంటారు, మన షాపుల్లో క్యాబినెట్ అంటారు. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లోని షాపుకు వెళ్లినా ముందుగా కంటికి కనిపించేవి ముందు భాగం మొత్తం అద్దంతో మూసినవే. కారు రేడియేటర్ ముందు గ్రిల్ ఉంటుంది, ఎవరూ అక్కడ అద్దం బిగించరు. కంప్యూటర్‌కూ అదే సూత్రం. రేడియేటర్ ఎక్కడ బిగిస్తారో అక్కడ, గాలి లోపలికి వచ్చే చోట, జాలీ ఉండాలి. పక్క తలుపు అద్దం అయితే నష్టం లేదు, పిల్లల సరదా కూడా తీరుతుంది.

తర్వాత చూడాల్సింది కొలతలు. రేడియేటర్లను ఫ్యాన్ల సైజును బట్టి పిలుస్తారు. 240 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, 360 అంటే మూడు. 280 అంటే 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు. కానీ 240 రేడియేటర్ అసలు పొడవు 240 కాదు. రెండు చివర్లా నీటి గదులు ఉంటాయి కాబట్టి సుమారు 275 మిల్లీమీటర్లు వస్తుంది. మందం సాధారణంగా 27, దానికి ఫ్యాన్ మందం 25 కలిపితే 52 మిల్లీమీటర్లు. క్యాబినెట్ పైకప్పు దగ్గర ఆ మేరకు ఖాళీ లేకపోతే ర్యామ్ స్టిక్కులకో మదర్‌బోర్డ్ పైఅంచుకో తగులుతుంది. ముందువైపు బిగిస్తే గ్రాఫిక్స్ కార్డ్ పొడవుకు అడ్డు రావచ్చు. క్యాబినెట్ వివరాల్లో 'రేడియేటర్ సపోర్ట్' అనే వరుస ఉంటుంది. పైన ఎంత, ముందు ఎంత అన్నది అక్కడ చదివించండి.

రేడియేటర్ పైన పెట్టాలా, ముందు పెట్టాలా? పైన పెడితే వేడి గాలి నేరుగా బయటికి పోతుంది. ముందు పెడితే రేడియేటర్‌కు గదిలోని తాజా గాలి అందుతుంది కానీ, వెచ్చబడిన గాలి క్యాబినెట్ లోపలికి వస్తుంది. ఎక్కువ ఇళ్లలో పైన పెట్టడమే సులువు. ఎలా పెట్టినా ఒక నియమం తప్పకూడదు: నీళ్లు తిరిగే దారి మొత్తంలో పంప్ అన్నింటికన్నా ఎత్తులో ఉండకూడదు. ట్యూబుల్లో మిగిలిన గాలి బుడగ ఎప్పుడూ పైకే చేరుతుంది. అది పంప్‌లో చేరితే గరగరమని చప్పుడు వస్తుంది, నీరు సరిగా తిరగదు.

ఇక మన ఇళ్ల సంగతి. దుమ్ము ఎక్కువ కాబట్టి చేత్తో తీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్లు ఉన్న క్యాబినెట్ తీసుకోండి. నెలకోసారి వాటిని శుభ్రం చేయడం పిల్లల బాధ్యతగా పెట్టండి. క్యాబినెట్‌ను టేబుల్ కింది మూసిన అరలో దూర్చవద్దు. వెనకా పైనా జానెడు ఖాళీ వదలండి.

పంప్ వేగం ఎవరి చేతిలో ఉండాలి?

ఫ్యాన్లు ఆగినా కంప్యూటర్ కాసేపు తట్టుకుంటుంది. పంప్ ఆగితే బ్లాక్‌లోని కాస్త నీరు కొద్దిసేపట్లోనే వేడెక్కుతుంది. ఇప్పటి ప్రాసెసర్లు దాదాపు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, ఇంకా వేడెక్కితే సిస్టమ్ ఆగిపోతుంది. చిప్ కాలిపోవడం అరుదు. సేవ్ చేయని ప్రాజెక్ట్ మాత్రం పోతుంది. కరెంటు పోయినప్పుడు పంప్‌తో పాటు చిప్ కూడా ఆగిపోతుంది కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

మదర్‌బోర్డ్ మీద ఫ్యాన్ల కోసం చిన్న పిన్నుల సాకెట్లు ఉంటాయి. 3 పిన్నులదైతే వోల్టేజ్ తగ్గించి వేగం తగ్గిస్తారు. 4 పిన్నులదైతే 12 వోల్టులు అలాగే ఉంచి, నాలుగో తీగ మీద సెకనుకు సుమారు 25,000 సార్లు ఆన్, ఆఫ్ సంకేతం పంపుతారు. ఆన్‌లో ఉండే వాటాను బట్టి వేగం మారుతుంది. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఈ సాకెట్ల ఆటోమేటిక్ సెట్టింగ్ ఫ్యాన్ల కోసం తయారుచేసింది. చిప్ చల్లగా ఉంటే వేగం బాగా తగ్గించేస్తుంది. ఫ్యాన్‌కు అది సరిపోతుంది. పూర్తి 12 వోల్టులు కావాల్సిన పంప్‌కు అదే సెట్టింగ్ తగిలిస్తే అది ఈడ్చుకుంటూ తిరుగుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. అందుకే చాలా మదర్‌బోర్డుల మీద పంప్ కోసం వేరే సాకెట్ ఇస్తారు. పంప్‌ను అక్కడ పెట్టించి, బయోస్‌లో దాని వేగాన్ని స్థిరంగా ఉంచమని చెప్పండి. మాన్యువల్‌లో పూర్తి వేగం అని ఉంటే పూర్తి వేగమే. వేగం మార్చుకోవచ్చని ఉంటే, చప్పుడు ఇబ్బంది పెట్టని ఒక మధ్యస్థ వేగం దగ్గర ఆపేయండి. ఇంకా పెంచితే వచ్చే లాభం ఒకటి రెండు డిగ్రీలేనని పైన లెక్కలో చూశాం.

పెరగాల్సిందీ తగ్గాల్సిందీ ఫ్యాన్ల వేగం. అది కూడా నెమ్మదిగా. ఒక యాప్ తెరవగానే చిప్ ఉష్ణోగ్రత ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, కానీ నీటిది అలా ఎగరదు. లీటరు నీటిని 1 డిగ్రీ పెంచాలంటే 200 వాట్లకు సుమారు 21 సెకన్లు పడుతుంది. కాబట్టి చిప్ ఎగిరిన ప్రతిసారీ ఫ్యాన్లు హోరెత్తాల్సిన పని లేదు. నీటి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ ఉంటే ఫ్యాన్లను దానికి అనుసంధానించాలి. లేకపోతే బయోస్‌లో ఫ్యాన్ స్పందనను కొన్ని సెకన్లు ఆలస్యం చేయవచ్చు.

విడిగా కొనే పెద్ద పంపుల సంగతి వేరు. ఉదాహరణకు డీ5 రకం పంప్ 20 వాట్లకు పైగా తీసుకోగలదు. మదర్‌బోర్డ్ ఫ్యాన్ సాకెట్ సాధారణంగా ఇచ్చేది 12 వాట్లే. అందుకే దానికి కరెంటు ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా ఇస్తారు. అలాంటి కస్టమ్ లూప్‌లో నీళ్లు నింపడం, మార్చడం, లీకులు చూసుకోవడం అన్నీ మన పనే. రాగి, అల్యూమినియం భాగాలు కలిస్తే తుప్పు సమస్య కూడా వస్తుంది. స్కూలు పిల్లల కంప్యూటర్‌కు ఫ్యాక్టరీలో నింపి మూసిన యూనిట్ చాలు. షాపులో దాన్ని ఏఐఓ అంటారు.

అసలు అవసరమా?

ప్రాజెక్టులు, పైథాన్ కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులు, మామూలు వీడియో ఎడిటింగ్ కోసమైతే అవసరం లేదు. 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌కు ఫ్యాన్, హీట్‌సింక్ చాలు. అందులో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. ఏఐఓలో పంప్ పోతే చాలాసార్లు యూనిట్ మొత్తం మార్చాలి. గంటల తరబడి త్రీడీ రెండరింగ్, పెద్ద గేములు, ఎక్కువ వాట్ల ప్రాసెసర్ ఉన్నప్పుడే నీటికి అర్థం ఉంది. అప్పుడు కూడా వారంటీ ఎన్నేళ్లో చూసి కొనండి.

కొనే ముందు మీ పిల్లలతో రాయించండి

1. మనం ఎంచుకున్న ప్రాసెసర్ ఎన్ని వాట్ల వేడి ఇస్తుంది?
2. క్యాబినెట్‌లో ఏ రేడియేటర్, ఎక్కడ పడుతుంది? ఫ్యాన్‌తో కలిపి మందం ఎంత?
3. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుంది? బొమ్మ గీసి బాణాలు పెట్టు.
4. పంప్ ఏ సాకెట్‌కు వెళ్తుంది? దాని వేగం ఎంత దగ్గర స్థిరంగా ఉంచాలి?
5. పంప్ ఆగితే మనకు ఎలా తెలుస్తుంది?

ఐదో ప్రశ్నకు చిన్న సాయం: పంప్ ప్రతి చుట్టుకు రెండు సంకేతాలు మదర్‌బోర్డ్‌కు పంపుతుంది. నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకు ఎన్ని సంకేతాలు? 80 అని వస్తే లెక్క సరైనదే. అవి ఆగినప్పుడు హెచ్చరిక ఇచ్చే సెట్టింగ్ బయోస్‌లో ఉందేమో చూసి ఆన్ చేయమనండి.

ఈ ఐదింటికీ జవాబులు రాసిన కాగితం చేతికి వచ్చాకే షాపుకు బయల్దేరండి. రాస్తూ రాస్తూ "ఫ్యాన్ కూలర్ చాలేమో డాడీ" అని వాళ్లే అంటే మీకు వేల రూపాయలు మిగిలినట్టు. కాదు, నీరే కావాలని లెక్కతో చూపిస్తే ఆ డబ్బు ఎక్కడికి పోతోందో ఇద్దరికీ తెలిసినట్టు.