గ్రామసభ తెరపై ఫొటోలు: స్లైడుకు తగినట్లు అమర్చు విధానము

పంచాయతీ చేయించిన పనులను మాటలతో చెప్పుట కంటె చిత్రములతో చూపుట మేలు. సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలను కంప్యూటరులో స్లైడ్లపై ఉంచి, ప్రొజెక్టరు ద్వారా గ్రామసభలో చూపుటకు నేడు వీలు కలిగినది. అయితే ఫొటో మితిమీరి పెద్దదైనచో దాని అంచులు స్లైడు వెలుపలికి పోవును. ఫైలు బరువెక్కి కంప్యూటరు మొరాయించును. అందరును వేచి చూచుచుండగా సభాకాలము వ్యర్థమగును. దీని నివారణోపాయములను పంచాయతీ సభ్యుల కొరకు ఇచ్చట వివరించుచున్నాము.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. సభకు వచ్చిన వారికి తమ సొమ్ము ఏ పనికి వినియోగమైనదో స్పష్టముగా కనబడవలెను. కావున చిత్రమును సరిచేయుట కేవలము అలంకారము కొరకు కాదు.

కొలతలు

ఫొటో పిక్సెళ్లు అను సన్నని చుక్కలతో ఏర్పడును. 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు గల ఫొటోలో మొత్తము 1 కోటి 20 లక్షల చుక్కలుండును. 1920 వెడల్పు, 1080 ఎత్తు గల ప్రొజెక్టరు చూపగలిగినవి సుమారు 21 లక్షలు మాత్రమే. సోలలో కుంచెడు పోయబూనుట వంటిదే ఇది.

పవర్‌పాయింటులో వెడల్పు స్లైడు 13.33 అంగుళముల పొడవు, 7.5 అంగుళముల ఎత్తు ఉండును. పై ఫొటో ఎత్తును 7.5 అంగుళములకు తగ్గించినచో వెడల్పు 10 అంగుళములగును. మిగిలిన స్థలములో పని పేరు, చోటు, అయిన ఖర్చు వ్రాయవచ్చును. ఫొటోను నిలువుగా తీసినచో వెడల్పు 5.63 అంగుళములే అగును. కావున పనికి ముందు ఒకటి, పని ముగిసిన పిమ్మట ఒకటి, రెండు ఫొటోలు ఒకే స్లైడుపై ప్రక్కప్రక్కన అమరును.

తగ్గించు పద్ధతి

ఫొటోపై నొక్కినంతనే దాని చుట్టును చిన్న గుండ్రని గుర్తులు కనబడును. మూలనున్న గుర్తును పట్టి లోపలికి లాగవలెను. అప్పుడు వెడల్పు, ఎత్తు రెండును ఒకే పాళ్లలో తగ్గును. ప్రక్కనున్న గుర్తును లాగరాదు. దానిని వెలుపలికి లాగినచో సన్నని సిమెంటు రోడ్డు వెడల్పుగ కనబడును. లోపలికి లాగినచో నీళ్ల ట్యాంకు బక్కచిక్కును. ఇట్టి చిత్రము సభను తప్పుదారి పట్టించును.

స్లైడుపై చిన్నదైనంత మాత్రమున ఫైలు బరువు తగ్గదు. ఒక్కొక్కటి 4 ఎంబీ గల ఫొటోలు 20 చేర్చినచో ఫైలు 80 ఎంబీ వరకు పెరుగును. అందుచే 'కంప్రెస్ పిక్చర్స్' అను సదుపాయమును ఎన్నుకొని, అంగుళమునకు 150 చుక్కల చొప్పున నిర్ణయింపవలెను. పైన చెప్పిన ప్రొజెక్టరుకు ఇది చాలును.

జాగ్రత్తలు

స్లైడంతయు నిండవలెనని కొందరు ఫొటోను కత్తిరింతురు. మన ఉదాహరణలోని అడ్డ ఫొటోను అట్లు చేసినచో 3000 చుక్కల ఎత్తులో 750, అనగా పావు వంతు, పోవును. కాలువ గోడలోని బీట గాని, ఫొటో అడుగున ముద్రితమైన తేదీ గాని ఆ పావు వంతులోనే ఉండవచ్చును. కావున ప్రక్కన ఖాళీ మిగిలినను సరే, చిత్రమును పూర్తిగా చూపుటయే మంచిది. అసలు ఫొటోలను మార్చక వేరుగా భద్రపరుపవలెను. తగ్గించు పనియంతయు నకలుపైననే చేయవలెను. తనిఖీ వచ్చిన నాడు అక్కరకు వచ్చునది అసలు ఫొటోయే.

సభకు ముందు రోజున స్లైడ్లను తెరపై ఒకసారి వేసి, వెనుక వరుస నుండి చూడవలెను. అచ్చట కూర్చుండు వృద్ధులు సైతము తమ వీధి కాలువను గుర్తింపగలరని తోచిననాడే ఆ స్లైడ్లు సభకు సిద్ధమైనట్లు.