పిత్రాశీస్సు – భ్రాతృస్పర్ధ: యాకోబు వృత్తాంతము, విఘ్నాధిపత్య కథ

ఐనవిల్లి సిద్ధివినాయకుని సన్నిధి నెరిగిన కోనసీమవాసికి విఘ్నాధిపత్య కథ క్రొత్త కాదు. (దక్షుడు యజ్ఞమునకు ముందు ఇచట వినాయకుని అర్చించెనని స్థలపురాణము. కుమార్తెను పిలువని ఆ తండ్రికి విఘ్నము తప్పలేదు.) భాద్రపద శుద్ధ చతుర్థినాడు ఇంటింట పఠించు వ్రతకథలో తండ్రి యొక పదవి నీయవలెను, కోరువారు కుమారు లిద్దరు. ఇట్టి ఘట్టమే హీబ్రూ వాఙ్మయమున ఆదికాండము 27వ అధ్యాయమున కలదు.

ఇస్సాకునకు ఏశావు, యాకోబు కవల కుమారులు. ముందు జన్మించిన ఏశావు వేటకాడు, తండ్రికి ప్రియుడు. యాకోబు తల్లి రిబ్కాకు ప్రియుడు. ఏశావు ఆకలివేళ ఒకపూట వంటకమునకు జ్యేష్ఠత్వమును తమ్మునికి అమ్ముకొనెను. తెలుగు బైబిలు దానిని చిక్కుడుకాయల వంటకమన్నది. మూలమున నున్నది ఎఱ్ఱపప్పు. పిదప చూపు మందగించిన ఇస్సాకు దీవింపదలచి ఏశావును వేటకు బంపగా, రిబ్కా మేకపిల్లల చర్మములను యాకోబు చేతులకును మెడకును కప్పి తండ్రికడకు బంపెను. స్వరము యాకోబుదని శంకించియు, ఇస్సాకు చేతులు తడవి చూచి దీవించెను. మోసము తెలిసిన పిదపను ఆ దీవెన మరలలేదు. మన పురాణములలో వరశాపములకు గల అమోఘత్వమే ఇచట దీవెనకు గలదు. శపించిన ఋషి శాపమును తీసివేయక అవధి మాత్రమే చెప్పునట్లు, ఇస్సాకు సైతము తమ్ముని కాడిని విరిచివేయు కాలమొకటి వచ్చునని మాత్రమే ఏశావునకు చెప్పగలిగెను. దీవెన ఒకటియేనా యని ఏశావు ఏడ్చుచు అడిగిన ప్రశ్న ఈ అధ్యాయమునకు ప్రాణమని నా అభిప్రాయము.

వ్రతకథలో ముల్లోకములందలి పుణ్యనదుల స్నానమాడి ముందు వచ్చినవానికి ఆధిపత్యమని పణము. కుమారస్వామి నెమలినెక్కి వెడలెను. మందగమనుడగు గజాననుడు తండ్రినే ఉపాయ మడుగగా శివుడు నారాయణ మంత్రము నుపదేశించెను. అతడు దానిని జపించుచు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేయుచుండ, ప్రతితీర్థమునను అన్న తనకంటె ముందు స్నానమాడి వచ్చుచున్నట్లు కుమారస్వామికి కన్పట్టెను. వ్యాఖ్యాతలు దాటవేయు విషయ మిచట నొకటి కలదు. తీర్పరియగు తండ్రియే ఒక పుత్రునకు ఉపాయము చెప్పినాడు! రిబ్కా చాటున చేసిన పక్షపాతమే ఇదియు ననవచ్చునా? కొంతవరకు అనవచ్చుననియే తలంతును. భేదము ఓడినవాని యందున్నది. కుమారస్వామి తానే తిరిగివచ్చి, పదవిని అన్నకే యొసగుమని తండ్రిని వేడెను. తండ్రికి ఎన్నుకొను భారము తప్పినది. పళని స్థలకథ యిట్లు ముగియదు. ఫలము దక్కని తమ్ముడు అచట అలిగి కొండ చేరెను.

ఏశావు పగకు వెరచి యాకోబు హారానులోని మేనమామ లాబానునొద్ద 20 ఏండ్లు కొలువు చేసెను. లాబాను అతడు వలచిన చిన్నకుమార్తెకు మారుగా పెద్దదానిని కట్టబెట్టి, జ్యేష్ఠ యుండగా కనిష్ఠకు పెండ్లి తమ యాచారము కాదనెను. అన్న దీవెనను అపహరించినవానికి తగిన సమాధానమే! మరలివచ్చునపుడు 400 మందితో ఎదురైన ఏశావు పరుగున వచ్చి తమ్ముని కౌగిలించుకొని ఏడ్చెను.

48వ అధ్యాయమున యాకోబు వృద్ధుడు. అతనికిని చూపు మందగించినది. యోసేపు కుమారులను దీవించునపుడు చేతులను అడ్డముగ మార్చి, కుడిచేతిని చిన్నవాడగు ఎఫ్రాయిము తలపై నుంచెను. యోసేపు వారింపబోగా, తెలిసియే చేయుచున్నానని బదులిచ్చెను.