కొండదారికి తగిన సైకిలు: బరువా, గేరా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు సముద్రమట్టమునకు ఆరేడు వందల మీటర్ల ఎత్తుననున్న పీఠభూమి నేలలు. చిత్తూరునుండి పలమనేరు వైపునకు వచ్చువారు మొగిలి కనుమ ఎక్కి రావలయును. తిరుపతినుండి పీలేరు మీదుగా మదనపల్లె చేరువారికి భాకరాపేట కనుమ ఎదురగును. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న హార్సిలీ కొండ 1260 మీటర్లకు పైబడిన ఎత్తు గలది. ఏనుగు మల్లమ్మ కొండయను పాతపేరు గల ఈ కొండపై 19వ శతాబ్దమున కడప కలెక్టరు హార్సిలీ వేసవి విడిది కట్టుకొనుటచే దానికి ఆ పేరు వచ్చినది. మదనపల్లెనుండి దాని శిఖరమునకు అయిదు వందల మీటర్లకు మించిన ఎగుబ్రాకుడు కలదు. సైకిలుపై కొండలెక్కు ఉత్సాహము గల విద్యార్థికి ఇంతకన్న మంచి వ్యాయామశాల దొరకదు.

అట్టి విద్యార్థులలో నేడు కార్బన్ సైకిలుపై మోజు పెరుగుచున్నది. "బరువు తక్కువ, కావున కొండ సులభముగా ఎక్కును" అనునది తరచుగా వినబడు మాట. అయితే దాని ధర సాధారణముగా లక్ష రూపాయలు దాటును. అది మన విద్యార్థుల ఇండ్లలో ఎన్నియో నెలలు కూడబెట్టిన సొమ్ము. కావున ఆ మాటలో నిజమెంతయో తరగతిలో నేర్చిన భౌతికశాస్త్రముతోనే తూచి చూడవలెనని మేము తలంచితిమి.

బరువు లెక్క

పది కిలోమీటర్ల దూరములో 500 మీటర్లు ఎక్కు బాటను ఉదాహరణముగా తీసికొందము. అనగా నూరు మీటర్లకు అయిదు మీటర్ల ఎత్తు. ఎక్కువాని బరువు 60 కిలోలు, అల్యూమినియము సైకిలు బరువు 10 కిలోలు, కార్బన్ సైకిలు బరువు 8 కిలోలు అనుకొందము. పైకెత్తుటకు కావలసిన శక్తి బరువును, గురుత్వ త్వరణమును, ఎత్తును గుణించిన వచ్చును. మొదటి సైకిలుతో అది 70 × 9.8 × 500 = 3,43,000 జౌళ్ళు. రెండవదానితో 3,33,200 జౌళ్ళు.

అలవాటు గల యువకుడు నిలకడగా 150 వాట్ల సామర్థ్యముతో తొక్కగలడనుకొన్నచో మొదటి సైకిలుతో 38 నిమిషములు, రెండవదానితో 37 నిమిషములు పట్టును. గాలి అడ్డును, రోడ్డు ఒరిపిడిని కలిపినచో రెండు కాలములును ముప్పావు గంటకు చేరువగును గాని, వానిమధ్య తేడా ఒక నిమిషము ప్రాంతముననే యుండును. పందెగానికి ఆ నిమిషము అమూల్యము. వ్యాయామమునకై, విహారమునకై కొండనెక్కు విద్యార్థికి అది లెక్కలోనిది కాదు. రెండు సీసాల మంచినీళ్ళు వెంట తీసికొనిపోయినచో ఆదా అయిన రెండు కిలోలలో ఒకటిన్నర కిలోలు తిరిగి సైకిలుపైకి వచ్చును.

20 కిలోల పాతకాలపు నల్ల సైకిలుతో ఇదే లెక్క వేసినచో సుమారు 43½ నిమిషములు వచ్చును. అనగా ఇరువది కిలోలనుండి పది కిలోలకు దిగుటవలన అయిదు నిమిషములకు పైగా లాభము. ఆ తరువాతి రెండు కిలోలు తగ్గించుటవలన ఒక్క నిమిషమే. మొదటి పది కిలోలు తక్కువ ఖర్చుతో తగ్గును. చివరి రెండు కిలోలకే పెద్ద మూల్యము చెల్లింపవలసి వచ్చును.

గేరు లెక్క

ఇప్పుడు వాలు పెరిగి, నూరు మీటర్లకు పది మీటర్ల ఎత్తయినదనుకొందము. అదే 150 వాట్ల సామర్థ్యముతో వేగము గంటకు సుమారు 7 కిలోమీటర్లకు, అనగా నిమిషమునకు 117 మీటర్లకు తగ్గును. ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు గల గేరులేని సైకిలు ఒక తొక్కుడు చుట్టునకు సుమారు 5.4 మీటర్లు పోవును. కావున నిమిషమునకు 22 చుట్లు మాత్రమే తొక్కవలయును. అంత నెమ్మదిగా తొక్కినప్పుడు పాదముపై సగటున 40 కిలోల భారము మోపవలసి వచ్చును. మోకాళ్ళు ఓర్చుకొనజాలవు. తొక్కువాడు సైకిలు దిగి నెట్టుకొనిపోవుటకు కారణమిదియే.

ముందు 34, వెనుక 34 పళ్ళు గల గేరులో చుట్టునకు సుమారు 2.1 మీటర్లే పోవును. అప్పుడు అదే వేగమునకు నిమిషమునకు 55 చుట్లు తొక్కవచ్చును. పాదముపై భారము 16 కిలోలకు దిగును. చేయు పని మారలేదు, పట్టు కాలము మారలేదు, భారము మాత్రము సగముకంటె తక్కువైనది. రెండు కిలోల బరువు తగ్గించుటచే ఇట్టి మేలు కలుగదు.

ఈ సత్యమును గ్రహించుటకు సైకిలు లోకమునకే చాలకాలము పట్టినది. ఫ్రాన్సు దేశపు మహాపందెము 'టూర్ ద ఫ్రాన్స్' 1903లో మొదలై, 1910లో పిరనీసు పర్వతములెక్కినది. అయినను చైనును ఒక పళ్ళచక్రమునుండి మరియొకదానికి మార్చు సాధనమును నిర్వాహకులు 1937లో గాని అనుమతింపలేదు. అంతవరకు పోటీదారులు కొండ మొదట దిగి, వెనుకచక్రమును విప్పి, రెండవ వైపు త్రిప్పి బిగించుకొనెడివారు. కార్బన్ చట్రముపై ఆ పందెమును మొదటిసారి 1986లో అమెరికా దేశస్థుడు గ్రెగ్ లెమాండ్ గెలిచెను. అనగా కార్బన్ రాకకు దాదాపు అర్ధశతాబ్దము ముందే గేరు కొండను జయించినది.

కార్బన్ స్వభావము

కార్బన్ చట్రమనగా వెంట్రుకకన్న సన్నని కార్బన్ పోగులను రెసిన్ అను జిగురులో పొరలు పొరలుగా పేర్చి, అచ్చులో ఉడికించి గట్టిపరచినది. దాని సాంద్రత సుమారు 1.6. అల్యూమినియము సాంద్రత 2.7, ఉక్కు సాంద్రత 7.8. పోగు పోవు దిశలో దాని బలము మిక్కుటము, అడ్డుదిశలో తక్కువ. కావున పొరలను ఏ దిశలో పేర్చిరను దానిపై చట్రము మంచిచెడ్డలు ఆధారపడును. కార్బన్ అను పేరు ఒక్కటే నాణ్యతకు హామీ కాదు.

మరియొక విషయము. ఉక్కు గొట్టము దెబ్బ తిన్నచో వంగి తెలియజేయును. కార్బన్ చట్రము పైకి చెక్కు చెదరనట్లు కనబడుచు లోపల పగిలియుండవచ్చును. గట్టిగా పడిన తరువాత నిపుణునిచే పరీక్షింపజేయక దానిపై కొండ దిగరాదు. మరలను చేతి అంచనాతో గాక, బిగింపు కొలుచు పానాతో బిగింపవలయును. విడిభాగములును, మరమ్మతు తెలిసినవారును ఎంత దూరమున దొరకుదురో కొనుటకు ముందే విచారింపవలయును.

ఎక్కుటకన్న దిగుట ప్రమాదకరము

ఎక్కునప్పుడు కూడబెట్టిన 3,43,000 జౌళ్ళ శక్తి దిగునప్పుడు ఊరక పోదు. కొంత గాలికి పోగా మిగిలినది బ్రేకులలో వేడిగా మారును. ఆ శక్తి యంతయు వేడియైనచో ఒక లీటరుకు పైగా నీటిని 30 డిగ్రీలనుండి మరుగు స్థితికి తేగలదు. కార్బన్ రిమ్మును ఒరయు బ్రేకులు గల సైకిలులో ఈ వేడికి రెసిన్ మెత్తబడు ప్రమాదము కలదు. కావున కొండదారులకు డిస్కు బ్రేకులు మేలు. మలుపునకు ముందే రెండు బ్రేకులతోను వేగము తగ్గించి, నడుమ నడుమ బ్రేకును వదలుచు చల్లారనీయవలయును. తలకు హెల్మెట్ లేనిదే కొండ ఎక్కనే రాదు, దిగుట మాట అటుండనిమ్ము.

ఎంపిక క్రమము

ఈ పరిశీలన ననుసరించి సైకిలు కొనువారికి మేము సూచించు వరుస ఇది. మొదటిది కొలత. తొక్కుడు అడుగునకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగియుండవలయును, చేతులు సాగదీయక హ్యాండిలు అందవలయును. రెండవది గేరు. ముందు చిన్నచక్రము 34 పళ్ళు, వెనుక పెద్దచక్రము 32 లేక 34 పళ్ళు ఉన్నచో మన కనుమలకు చాలును. మూడవది బ్రేకులు. నాలుగవది టైర్లు. మన రోడ్లకు 28 మిల్లీమీటర్లకు తక్కువ కానివి, వీలైన 32 మిల్లీమీటర్లవి మంచివి. చట్రము ఏ పదార్థముతో చేసినదను ప్రశ్న వీని తరువాత అయిదవది. ఈ నాలుగును సరిగానున్న సైకిలు కొన్న తరువాత సొమ్ము మిగిలియున్నవారు కార్బన్ కోరినచో ఆక్షేపణ లేదు. ఈ నాలుగింటిలో దేనినైనను వదలుకొని కార్బన్ కొనుట మాత్రము తెలివి కాదు.

కళాశాల సంఘమువారికి ఒక మనవి. ఒక్క కార్బన్ సైకిలు ధరకు మంచి గేర్లు గల అల్యూమినియము సైకిళ్ళు రెండు మూడు కొనవచ్చును. ఇంటివద్ద సైకిలు కొనలేని విద్యార్థులును వంతులవారీగా వానిని తొక్కుదురు. వానితోపాటు హెల్మెట్లు, దీపములు, పంక్చరు సామాను కూడ సమకూర్చినచో వ్యాయామ విభాగమునకు తగిన ఆస్తి యగును. ఒకనికి నిమిషము మిగుల్చుటకన్న పదిమందిని శిఖరమునకు చేర్చుట విద్యాలయమునకు శోభస్కరము.