డేటా పెరిగితే షేరు పెరుగుతుందా?

తోరణగల్లు ఉక్కు ప్లాంటులో పనిచేసే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక టిప్పు తెగ తిరుగుతోంది: "దేశమంతా డేటా వాడకమే. బ్యాండ్‌విడ్త్ కంపెనీ షేర్లు కొని పదేళ్లు మర్చిపోండి." డేటా మాట నిజమే. మర్చిపోండి అన్న దగ్గరే పేచీ.

ప్లాంటులో టన్నులు పెరిగినా కాయిల్ ధర పడితే లాభం రాదని మీకు ఒకరు చెప్పాలా? బ్యాండ్‌విడ్త్ కూడా అంతే. ఫైబర్ వేసేటప్పుడే కోట్లు కుమ్మరించాలి. వేశాక ప్రతి కంపెనీ ఎంతో కొంతకు అమ్ముకోవాలనే చూస్తుంది, రేటు జారిపోతుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక జరిగింది మనందరం చూశాం: వాడకం కొండెక్కింది, పాత కంపెనీల రాబడి మాత్రం పడిపోయింది.

సముద్రం కింద కేబుళ్లదీ ఇదే కథ. టైకో అనే అమెరికా కంపెనీ 200 కోట్ల డాలర్లకు పైగా పోసి వేసిన నెట్‌వర్కును 2005లో మన వీఎస్‌ఎన్‌ఎల్ 13 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అంత చవగ్గా దక్కినా, తర్వాత టాటా కమ్యూనికేషన్స్‌గా పేరు మారిన ఆ సంస్థ చాలా ఏళ్లు నష్టాలతో, అప్పులతో ఈదింది. ఫ్లాగ్ అనే మరో సముద్ర కేబుళ్ల నెట్‌వర్కును కొన్న రిలయన్స్ కమ్యూనికేషన్స్ సంగతి ఇంకా ఘోరం. 2008 జనవరిలో 800 రూపాయలు దాటిన షేరు, కంపెనీ దివాలా కోర్టుకు చేరాక రెండు రూపాయలకూ గతి లేకుండా పోయింది. కొని మర్చిపోయినవాళ్లు అందులోనూ ఉన్నారు.

అయితే అన్నీ ఒకటే కాదు. రైలు పట్టాల వెంట 60 వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ ఉన్న రైల్‌టెల్‌నే చూడండి. రైల్వే శాఖ కింద 2000లో పుట్టిన ప్రభుత్వ సంస్థ, సికింద్రాబాద్‌లో డేటా సెంటర్ ఉంది, చెప్పుకోదగ్గ దీర్ఘకాలిక అప్పు లేదు. పట్టాల పక్క దారి సొంత ఇంటిదే కాబట్టి ఫైబర్ వేయడానికి ఊరూరా అనుమతుల కోసం తిరిగే బాధ తక్కువ. 2021 ఫిబ్రవరిలో 94 రూపాయలకు ఐపీఓ ఇచ్చారు. ఆ డబ్బంతా ప్రభుత్వానికి వెళ్లింది, కంపెనీకి పైసా రాలేదు. ఐపీఓ ఫారం నింపే ముందు ఎవరూ చూడని సంగతి ఇదే. 2024 జులైలో షేరు 600 దాటింది, ఏడాది తిరగకుండానే సగానికి దిగింది. కంపెనీలో ఏదో కూలిపోయిందని కాదు, కొన్నవాళ్ల ఆశ దిగింది.

రైల్‌టెల్ ఫలితాల్లో సెగ్మెంట్ల పట్టిక ఒకటుంటుంది, దాన్ని వెతికి చూడండి. టెలికాం సేవల ఆదాయం వేరు, ప్రాజెక్టు పనుల ఆదాయం వేరు. ప్రాజెక్టుల్లో టర్నోవరు గబగబా పెరుగుతుంది, మార్జిన్ మాత్రం పల్చన. "ఆర్డర్ వచ్చింది" అనే వార్తకు షేరు ఎగిరిన రోజున, ఆ ఆర్డర్ ఏ గడిలోకి వస్తుందో చూసుకోండి. ఏ బ్యాండ్‌విడ్త్ కంపెనీకైనా ఇంకో రెండు అడగాలి: అప్పు మీద కట్టే వడ్డీ లాభంలో ఎంత తింటోంది, ప్రమోటర్లు ఎన్ని షేర్లు తాకట్టు పెట్టారు. రెండోది ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. రిలయన్స్ కమ్యూనికేషన్స్‌లో తాకట్టు షేర్లను 2019లో అప్పిచ్చినవాళ్లు బజారులో అమ్మేశారు.

పీఎఫ్ అడ్వాన్సు తీసో, చీటీ పాడుకునో ఇలాంటివి కొనకండి. మీ జీతం ఇప్పటికే ఒక ఉక్కు కంపెనీ మీద నడుస్తోంది, పొదుపు మొత్తం ఇంకో కంపెనీ మీద వేలాడదీయడం దేనికి? ఆరునెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పెట్టాక, బోనస్‌లో చిన్న వాటా చాలు. తొందరపడి అమ్మకండి కూడా. కొన్న ఏడాది దాటాక అమ్మితే, ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపే అమ్మితే 20 శాతం.