ఋణవాయిదా రక్షణ కోరనివానికి దక్కదు

రైతులు గమనింపవలెను. అప్పుల గడువు పొడిగించు చట్టము వచ్చెనని విన్నంతమాత్రమున తాకట్టు భూమి నిలిచెనని తలంపరాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున జరిగిన సంగతి చూడుడు.

ధాన్యపుధరలు పడిపోయి పొలములును ఇండ్లును వేలమునకు వచ్చుచుండగా, అచట 1933 ఏప్రిలు 18వ తేదీని తాకట్టు ఋణస్థులకై ఒక చట్టము చేయబడెను. వేలమైన ఆస్తిని సొమ్ము చెల్లించి విడిపించుకొనుటకుగల గడువును, 1935 మే 1వ తేదీకి మించకుండ, కోర్టు పొడిగింపగలిగియుండెను. అయితే పాతగడువు తీరకమునుపే ఋణస్థుడు దరఖాస్తు పెట్టుకొనవలసియుండెను. ఊరకున్నవాడు ఆ రక్షణను చేజేతుల వదలుకొన్నట్లే.

మినియాపోలిసు పట్టణమున ఒక దంపతుల పదునాలుగు గదుల యిల్లు 1932 మే 2వ తేదీని వేలమాయెను. మూడుగదులలో తాము కాపురముండి, తక్కినవి బాడుగకిచ్చుచుండిరి. విడిపించుకొను గడువు ఒక్క సంవత్సరమే. వారు దరఖాస్తు పెట్టిరి. తుదకు గడువు పొడిగింపబడెను. కాని నెలకు 40 డాలర్లు చెల్లింపవలెనని కోర్టు విధించెను. ఆ సొమ్ము పన్నులకును, భీమాకును, వడ్డీకిని, అసలుకును జమ. ఇది మాఫీ యని భ్రమించువారు పెక్కుమంది; మాఫీ కానేకాదు, వడ్డీ నడచుచునేయుండెను.

ఒడంబడిక భంగమైనదని ఋణదాత వాదించెను. 1934 జనవరి 8వ తేదీని అమెరికా సుప్రీముకోర్టువారు, అయిదుగురొకవైపు నలుగురొకవైపుగా, చట్టము చెల్లునని తీర్పుచెప్పిరి.

ఆ చట్టమున మరియొక షరతు ఉండెను. కోర్టు విధించిన వాయిదా తప్పినచో, అటుపిమ్మట ముప్పదిదినములకు విడిపించుకొను హక్కు అంతరించెడిది.